విరిగిన బండిని మరల కట్టుట

కామారెడ్డి నుండి సిరిసిల్లకు పోవు మార్గమున మాచారెడ్డి కలదు. ఈ త్రోవలో ఒకనాడు ఎడ్లబండ్లే నడిచినవి. 1932 జూన్ నెలలో నిజాము ప్రభుత్వ రైల్వే శాఖ 27 బస్సులతో రహదారి రవాణా నారంభించిన పిమ్మట, హైదరాబాదు రాజ్యపు పల్లెలకు మోటారు చప్పుడు క్రమక్రమముగా పరిచయమైనది. పిదప మోటారు సైకిలు వచ్చినది. చప్పుడును బట్టి తెలంగాణపు పల్లెజనము దానిని ‘ఫట్‌ఫటి’ యని పిలిచిరి. నేడు ప్రతి వాడలోను అది కనబడుచున్నది. బండ్లు పెరిగినచోట విరిగిన బండ్లును పెరుగును గదా!

ఢీకొని నుజ్జయిన మోటారు సైకిలు ఇంటికి చేరినపుడు యజమాని యెదుట మూడు దారులుండును. ఒకటి, పాత ఇనుము కొనువాని తరాజు. రెండవది, రహదారి ప్రక్కనున్న మిస్త్రీ షెడ్డు. అచ్చట చక్రము సరిచేసి, హ్యాండిలు తిన్నగా చేసి, నడుచుననిపించి పంపుదురు. మూడవది, ఇటీవలి కాలమున పేరు వినబడుచున్న కస్టం బిల్డరు శాల. కోరినవాని కొలతకును అభిరుచికిని తగినట్లు బండిని ఆమూలాగ్రము విప్పి మరల కట్టువాడే కస్టం బిల్డరు. హైదరాబాదులో ఐమోర్ కస్టమ్స్ వంటి శాలలు ఇట్టి పనికే వెలసినవి. పేరు క్రొత్తదే గాని పని క్రొత్తది కాదు. ఈ పని యెట్లు పుట్టినది, ఇందులో బండికి నిజముగా ప్రాణము పోయునది యేది, పైపై మెఱుగు మాత్రమే యగునది యేది అను సంగతులు తెలిసికొనుట ఇంట బండియున్న ప్రతివారికిని అవసరము. ఏలయన, బాగుచేయబడిన బండి మీద మరల ఎక్కి పోవలసినది మన బిడ్డలే.

తయారైన బండిని తాళముచెవితో సహా కొనుట నేడు మనకు సహజముగా తోచుచున్నది. మోటారు యుగపు తొలినాళ్లలో అట్లు కాదు. పెద్ద కార్ల కంపెనీలు ఇంజను, చట్రము, చక్రములు మాత్రమే అమ్మెడివి. పైశరీరమును వేరొక శిల్పశాలవారు కొనువాని కోరిక మేరకు కట్టెడివారు. ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా కోరి చేయించిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ఇందుకు తార్కాణము. చట్రము రోల్స్ రాయిస్ వారిది. సింహాసనము వంటి ఎత్తైన ఆసనముగల పైశరీరము లండనులోని బార్కర్ వారిది. కారు చేతికందకముందే, 1911లో, నిజాము కాలధర్మము నొందెను. పసుపు వన్నెగల ఆ కారు తిరిగిన దూరము బహు స్వల్పము; అది తరువాతి కాలమున హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున ప్రదర్శనకు నిలిచినది.

రాజుల మాట అటుంచి, విజయవాడ ఆటోనగరునకు పోయి చూచినచో అదే విద్య మన కండ్లయెదుట జరుగుచుండును. కంపెనీ నుండి ముఖమును చట్రమును మాత్రమే వచ్చిన లారీకి కర్ర, రేకు, ఇనుప కోణములు చేర్చి, రంగులద్ది, యజమాని కోరిన దేవుని పేరు నుదుట వ్రాసి పంపుట అచ్చటి షెడ్ల వృత్తి. వారినెవ్వరును కస్టం బిల్డర్లని పిలువలేదు. పిలిచినచో తప్పేమియు లేదు.

మాచారెడ్డి ప్రాంతమునకు లోహవిద్య పరాయిది కాదు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి ప్రత్యేక జిల్లా యగువరకు ఈ ఊరు నిజామాబాదు జిల్లాలోనిది. ఆ నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించి తీసిన ఉక్కు పారశీక దేశమునకు పోయి ఖడ్గములైనది. హెన్రీ వెస్లీ వాయిసీ అను ఆంగ్లేయుడు ఆ కొలుములను స్వయముగ చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చుపడినది. సరుకు కొనుటకు ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకుని అతడచ్చట కలిసికొనెను. ఆ కొలుములకును నేటి వెల్డింగు షెడ్లకును వంశవృక్షము గీయబూనుట అతిశయోక్తి యగును. అయినను, ఇనుము రంగును చూచి దాని వేడిని అంచనా వేయు కన్ను మన నేలకు క్రొత్త కాదని మాత్రము చెప్పవచ్చును.

కోరి కట్టించుకొను పద్ధతి మోటారు సైకిలునకు సోకిన చోట్లలో ఇంగ్లండు ముఖ్యమైనది. అచ్చటి నాటింగ్‌హాము పట్టణమున జార్జి బ్రఫ్ అనువాడు 1919 మొదలు 1940 వరకు ‘బ్రఫ్ సుపీరియర్’ అను బండ్లను కట్టెను. ఆ రెండు దశాబ్దులలో కట్టినవి సుమారు 3,000 మాత్రమే. ఇంజనును ఇతర కంపెనీల నుండి తెప్పించి, కొనువాని ఎత్తును బట్టి, చేతి చాపును బట్టి హ్యాండిలును ఆసనమును అమర్చి ఇచ్చెడివాడు. అరేబియా యుద్ధములలో పేరుపొందిన టి. ఇ. లారెన్సు వరుసగా ఏడు బ్రఫ్ బండ్లను నడిపెను. 1935 మే 13న, డార్సెట్ మండలములోని తన కుటీరమునకు సమీపమున, సైకిళ్లపై పోవుచున్న ఇరువురు బాలురను తప్పించబోయి అతడు పడిపోయెను. ఆరు దినములు స్పృహలేక యుండి మే 19న మరణించెను. అప్పటికి వయస్సు 46 ఏండ్లు.

ఇందులో గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆ బండి మరల బాగుపడినది. అది నేటికిని నిలిచియున్నది. లండనులోని ఇంపీరియల్ వార్ మ్యూజియమున ప్రదర్శింపబడినది గూడ. ఇనుము అతుకుకొనినది, తల అతుకుకొనలేదు. లారెన్సుకు చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడుండెను. అతడు మోటారు సైకిలు సవారుల తలగాయములను పరిశోధించి 1941లో ప్రకటించిన వ్యాసమువలన శిరస్త్రాణముల ఆవశ్యకత బ్రిటిషు సైన్యమునకు స్పష్టమైనది. ఆ యేడే సైన్యము తన మోటారు సైకిలు సవారులకు వానిని నిర్బంధము చేసెను. మన 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 129వ విభాగము వెనుక ఈ కథయు నున్నది. బండిని కట్టించువారు వేలకొలది రూపాయలు రంగునకు వెచ్చించి, శిరస్త్రాణమునకు బేరమాడుట చూచినపుడు నాకు ఈ కథయే తలపునకు వచ్చును.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత ఇంగ్లండులోనే మరియొక వింత జరిగినది. చిన్న పందెపుకార్లు కట్టువారికి నార్టన్ ఇంజను కావలసివచ్చెను. నార్టన్ కంపెనీ ఇంజనును విడిగా అమ్మదు. కావున వారు బండినే కొని, ఇంజనును పీకి, చట్రమును ప్రక్కన బడవేసెడివారు. ఆ చట్రము మిక్కిలి గట్టిది. యువకులు దానిని చౌకగా కొని, ట్రయంఫ్ బండి ఇంజను నందులో బిగించి, రెండు పేర్లను కలిపి ‘ట్రైటన్’ అనిరి. ఈనాటి కస్టం బండ్ల అందచందములలో పెక్కు ఆ వదలివేయబడిన చట్రములనుండి పుట్టినవే.

ఇక మనవారి సంగతి. పాతబండిని మరల కట్టించుట యనగనే మన నోట మొదట వచ్చు పేరు బుల్లెటు. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు 1932లో ఈ పేరుతో బండిని వెలువరించిరి. స్వాతంత్ర్యానంతరము భారత సైన్యమునకు సరిహద్దుల గస్తీకి గట్టి బండ్లు అవసరమైనవి. ఆ యవసరమే బుల్లెటును మన దేశమునకు రప్పించినది. 1955లో రెడ్డిచ్ వారును మద్రాస్ మోటార్స్ వారును కలసి ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీని నెలకొల్పిరి. మద్రాసునకు ఉత్తరమున తిరువొత్తియూరులో కర్మాగారము లేచినది. మొదట భాగములు ఓడలో వచ్చెడివి, ఇచ్చట బిగించెడివారు. 1956 ముగియునప్పటికి అట్లు సిద్ధమైనవి 163 బండ్లు. తరువాత పనిముట్లు గూడ వచ్చినవి. 1962 నాటికి బండి యంతయు ఇచ్చటనే తయారుకాజొచ్చెను. రెడ్డిచ్ కర్మాగారము 1967లో మూతబడినది. 1970తో ఇంగ్లండులో ఆ బండ్ల తయారీయే ఆగిపోయినది. పుట్టినింట దీపమారిపోగా మెట్టినింట వెలిగినట్లు, బుల్లెటు మన దేశమున నిలిచినది. 1977 మొదలు ఇచ్చటినుండి ఇంగ్లండునకే ఎగుమతి యగుట కాలము చేసిన చమత్కారము.

ఇన్ని దశాబ్దులు దాని ఆకృతి పెద్దగా మారకపోవుటను కొందరు కంపెనీవారి సోమరితనమనిరి. ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని చెడిన బండిని బాగుచేయించువానికి ఆ సోమరితనమే వరమైనది. 70 మిల్లీమీటర్ల వెడల్పు, 90 మిల్లీమీటర్ల నడక, 346 సీసీల పరిమాణము గల ఆ పోత ఇనుప ఇంజనుకు తండ్రి కాలపు భాగము కొడుకు బండికి సరిపోయెడిది. 1994లో ఐషర్ వారి చేతికి వచ్చిన పిమ్మట, ఆ శతాబ్ది దాటి కొన్ని యేండ్లకు పాత ఇంజను పోయి క్రొత్త ఇంజను వచ్చినది. కుడికాలి గేరు ఎడమకాలికి మారినది. మైసూరులో 1961లో వెలసిన ఐడియల్ జావా కర్మాగారము 1996లో మూతబడినను, జావా, యెజ్డీ బండ్లు ఇంకను రోడ్డుమీద తిరుగుచుండుటకు కారణము కంపెనీ కాదు, ఊరూరి మిస్త్రీలు. ఈ యంశము చరిత్ర గ్రంథములలో చోటు చేసికొనవలసినంతగా చేసికొనలేదు.

విరిగిన బండి షెడ్డునకు వచ్చినది. అనుభవముగల కట్టువాడు మొదట దానిని తాకడు. యజమానిని ఒక ప్రశ్న అడుగును. “కాకా, బండి నడుపుతరా, ఇంట్ల పెట్టుకుంటరా?” ప్రశ్న చిన్నది, భారము పెద్దది. మనిషి పోయి బండి మిగిలిన ఇండ్లును కలవు. గల్ఫు దేశమున కష్టించి పంపిన సొమ్ముతో కొన్న బండియై యుండవచ్చును. దానిని పాత ఇనుమునకు వేయుటకు తల్లికి చేయి రాదు. అట్టి బండిని జ్ఞాపకముగా నిలుపుట వేరు, మరల అరువది మైళ్ల వేగమున నడుపుట వేరు. జ్ఞాపకమునకైనచో టాంకు మీది సొట్టను గూడ ఉంచవచ్చును. నడుపుటకైనచో ఏ దాక్షిణ్యమును పనికిరాదు.

నడుపుటకే నిశ్చయమైనచో అన్నిటికంటె ముఖ్యము చాసిస్, అనగా చట్రము. ఎదురుగా ఢీకొన్న బండిలో ముందు ఫోర్కు వంగును, పిదప ఫోర్కు కూర్చుండు మెడగొట్టము వెనుకకు జరుగును. ఈ జరుగుట వ్రేలి వెడల్పు గూడ ఉండకపోవచ్చును. కంటికి ఆనదు. కాని వేగము హెచ్చినపుడు హ్యాండిలు వణకును. బ్రేకు వేసినపుడు బండి ఒక ప్రక్కకు లాగును. అందుచేత చట్రమును పూర్తిగా విప్పి, పాత రంగంతయు తీసివేసి చూడవలెను. రంగు క్రింద పగుళ్లు దాగియుండును. వానిని పట్టుటకు పాతకాలపు ఉపాయమొకటి నేటికిని పనిచేయుచున్నది: అతుకులపై కిరసనాయిలు పూసి, కొంతసేపుంచి, గుడ్డతో శుభ్రముగా తుడిచి, సుద్దపొడి అద్దుదురు. పగులులోనికి దిగిన నూనె మెల్లగా పైకి వచ్చి తెల్లని సుద్దపై నల్లని గీతగా కనబడును. ఖరీదైన యంత్రములు చెప్పు మాటను ఈ సుద్దముక్క చాలవరకు చెప్పగలదు.

రెండు చక్రములును ఒకే వరుసలో నున్నవో లేవో చూచుటకు దారము పట్టుదురు. వెనుక చక్రమునకు ఇరుప్రక్కల తాకునట్లు దారమును ముందుకు లాగినచో, ముందు చక్రము రెండు దారముల నడుమ సమానమైన ఎడముతో నిలువవలెను. ఫోర్కు గొట్టములను అద్దపు పలకపై దొర్లింతురు. వంగినదైనచో గొట్టము క్రింద వెలుగు తొంగిచూచును. వంగిన గొట్టమును తిన్నగా చేయుటకంటె మార్చుటయే మేలు. వేడిచేసి తిన్నగా చేసిన ఉక్కు తన బిగువును కోల్పోవును. అది చూపునకు తిన్నగానే యుండి గుంతలో పడినపుడు మరల వంగును. ఊచల చక్రమైనచో క్రొత్త రిమ్ము, క్రొత్త ఊచలు వేసి సరిచేయవచ్చును. అల్లాయి చక్రమున పగులు వచ్చినచో దానిని అతికించి నడుపుమని మంచి మిస్త్రీ యెన్నడును చెప్పడు.

టాంకు సొట్టలు తీయువారు మరియొక యపాయమును ఎరిగియుండవలెను. ఖాళీ పెట్రోలు టాంకు నిండు టాంకుకంటె ప్రమాదకరము. లోపల నిలిచిన ఆవిరి వెల్డింగు నిప్పు తగిలిన మరుక్షణమే బాంబువలె ప్రేలును. అందువలన దానిని పలుమార్లు కడిగి, నిప్పు తగులు చోటు మాత్రము విడిచి తక్కినదంతయు నీటితో నింపి పని చేయుదురు. తొందరపాటు మనిషి ఈ పనికి తగడు.

ఇంజను సంగతి కొంత సులువు. గొట్టము అరిగినచో బోరింగు చేయించి ఒక కొలత పెద్దదైన పిస్టను వేయుదురు. పెట్టె పగిలినచో అల్యూమినియము వెల్డింగు కలదు. చివరకు రంగు. తిరువొత్తియూరులో బుల్లెటు టాంకుపై బంగారు గీతలను ఒకే కుటుంబమునకు చెందిన అన్నదమ్ములు కుంచెతో, ఏ ఆధారమును లేక, చేతితోనే గీసి ప్రసిద్ధులైరి. ఆ గీతను స్టిక్కరుతో అనుకరించుట నేడు సుళువు. రెండడుగుల దూరమునుండి భేదము కనబడదు. దగ్గరకు పోయి చూచినచో చేతి గీతలో మొదలుకొనినచోటు, ముగిసినచోటు తెలియును. నాకు మాత్రము ఆ తెలియుటయే అందము.

రంగు నిగనిగలాడిన తోడనే బండి బాగైనదని భ్రమించుట ఎక్కువ. వంగిన చట్రముపై పూసిన మంచి రంగు యజమానిని మోసగించుటయే గాక, అతనినుండి ఆ బండిని కొనువానిని గూడ మోసగించును. ఈ వ్యాపారమున పెద్ద కీడు ఇదియే. కావున మెలకువగల యజమాని రంగు వేయకముందు చట్రమును ఒకసారి కండ్లార చూచి వచ్చును, తీసివేసిన పాత భాగములను సంచిలో వేసి ఇమ్మని అడుగును.

ఖర్చు సంగతి గూడ మరువరాదు. భీమా లెక్కలలో ఒక నియమమున్నది: బాగుచేయు ఖర్చు బండికి ప్రకటించిన విలువలో నూటికి 75 పాళ్లు మించినచో, బండి మొత్తము నష్టమైనట్లే భావింతురు. కంపెనీ దృష్టిలో చచ్చిన బండి, యజమాని దృష్టిలో బ్రతికించదగిన బండి యగుట అరుదు కాదు. పూర్తిగా పనికిరాకుండ పోయిన బండి విషయమున, ఆ సంగతిని పదునాలుగు దినములలోగా రవాణా కార్యాలయమునకు తెలుపవలెనని చట్టములోని 55వ విభాగము చెప్పుచున్నది. బ్రతికించబూనువాడు ముందు ఈ లెక్క తేల్చుకొని షెడ్డునకు పోవుట మంచిది.

కోరిన మార్పులన్నియు చేయించుకొనుటకు చట్టము ఒప్పదు. 52వ విభాగము ప్రకారము, తయారుచేసిన కంపెనీ నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా పలికినది. చట్రమును కోసి పొడవు చేయుట, వేరొక జాతి ఇంజనును బిగించుట ఈ నిషేధములోనికి వచ్చును. ట్రైటన్ వంటి బండి నేడు మన రోడ్డుమీద న్యాయముగా నడువలేదన్నమాట. చెవులు పగులగొట్టు సైలెన్సర్లను పోలీసులు ఊడదీయించి రోడ్డు రోలరు క్రింద నలిపించిన సందర్భములు తెలుగు నగరములలో పలుమారులు జరిగినవి. అందుకు ఎవరును కన్నీరు కార్చనక్కరలేదు. కాని పాత బండిని పాత రూపముననే నిలుపబూనిన కట్టువానిని, కోతలు కోయువానిని ఒకే గాట కట్టుట న్యాయముగా తోచదు.

2021లో కేంద్ర ప్రభుత్వము ప్రాచీన వాహనములకు ప్రత్యేక నియమములు చేసెను. మొదటి నమోదు నుండి 50 ఏండ్లు నిండిన బండి, తన మూలరూపమున నుండి, చట్రము ఇంజను మొదలగువానిలో గణనీయమైన మార్పు పొందనిదైనచో, ‘వి.ఎ.’ అను అక్షరములతో కూడిన ప్రత్యేక సంఖ్యను పొందవచ్చును. రుసుము 20,000 రూపాయలు. అట్టి బండిని నిత్యవ్యవహారమునకు వాడరాదు. ప్రదర్శనలకును, పాతబండ్ల యాత్రలకును, ఇంధనము పోయించుటకును, మరమ్మతునకును మాత్రమే బయటికి తీయవచ్చును. నుజ్జయి క్రొత్త చట్రముతో లేచిన బండికి ఈ గౌరవము దక్కదు. అందుచేత, తాతనాటి బండిని కట్టించువారు ఏ భాగమును మార్చనెంచినను ముందుగా ఈ నియమమును చదువుకొనుట అవసరము. ఒకసారి కోసిన చట్రము తిరిగి ప్రాచీనము కానేరదు.

బండికి జన్మపత్రిక దాని చట్రముపై కొట్టిన సంఖ్యయే. నెంబరు పలక మీది అక్షరములు రాజ్యములతో మారినవి. నిజామాబాదు జిల్లా బండి ఒకప్పుడు ఏ.పి. 25, 2014లో తెలంగాణ యేర్పడిన పిదప టి.ఎస్. 16, కామారెడ్డి జిల్లా వచ్చిన తరువాత ఈ ప్రాంతపు క్రొత్త బండ్లకు టి.ఎస్. 17, 2024 మొదలు టి.జి. అయినను మాచారెడ్డి దారిలో ఏ.పి. 25 పలకతో తిరుగు పాత బండ్లకు ఆ మార్పులేవియు అంటలేదు. చట్రపు సంఖ్య మాత్రము ఏ ప్రభుత్వము వచ్చినను మారదు. ఇసుక వేగముగా చిమ్మి తుప్పు వదలించునపుడును, మందముగా రంగు పూయునపుడును ఆ అంకెలు చెరిగిపోవు ప్రమాదమున్నది. చెరిగినచో బండి దొంగసొత్తని అనుమానింపబడును. పదునైదేండ్ల గడువు తీరిన పిమ్మట నమోదు పొడిగించుకొనబోయిన యజమాని కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చును. అందుకే, పని మొదలిడుటకు ముందే ఆ అంకెలపై కాగితముంచి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసికొని, పిదప వానిపై గ్రీజు పూసి దట్టమైన పట్టీ అంటించుట పాత మిస్త్రీలు మరువని పని.